పొంతన కుదర్చడం నీ పని కాదు

కడప

చిరంజీవికి ఆశీస్సులు.

దశావతారాల మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. భాష శుభ్రంగా ఉంది. అయినా దాన్ని ఏ పత్రికకూ పంపవద్దంటున్నాను. కోపం తెచ్చుకోకుండా చదువు.

చేప నీటి జీవి, తాబేలు నీటిలోనూ నేల మీదా తిరిగేది, పంది నేల జంతువు, నరసింహుడు సగం మనిషి, వామనుడు పొట్టి మనిషి, కాబట్టి డార్విన్ కంటే ముందే మనవాళ్లు పరిణామం చెప్పేశారు అన్నావు. ఇది పందొమ్మిదో శతాబ్దం నుంచీ తిరుగుతున్న మాటే. తాబేలు సరీసృపం, నీటిలోంచి మొదట గట్టెక్కిన జీవుల్లో అది లేదు. సింహానికీ మనిషికీ నడుమ మెట్టు ఏ శాస్త్రంలోనూ లేదు. పరశురాముడు రాముడికి ఎదురుపడి విల్లు ఎక్కుపెట్టమన్నాడు కదా, పరిణామంలో రెండు దశలు అలా దారిలో కలుసుకుని వాదులాడుకుంటాయా? జాతకాలు కలిపే పెద్దమనిషి కుదరని గుణాలను మింగేసినట్లు నువ్వూ ఇవన్నీ మింగేశావు.

అంకెల సంగతి ఇంకా విడ్డూరం. బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల సంవత్సరాలు, భూమి వయసు సుమారు 454 కోట్లు, రెండూ దగ్గరే అని మురిసిపోయావు. ఈసారి ఇంట్లో పూజ జరిగినప్పుడు సంకల్పం చెవిపెట్టి విను: శ్వేతవరాహ కల్పే, వైవస్వత మన్వంతరే, కలియుగే, ప్రథమ పాదే. బ్రహ్మ పగటిని పద్నాలుగు మన్వంతరాలుగా పంచారు, వాటిలో మనం ఉన్నది ఏడోది. అంటే ఆ పగలు ఇంకా సగం కూడా కాలేదు. పంచాంగం లెక్కన గడిచింది దాదాపు 197 కోట్ల ఏళ్లు. 454 పక్కన పెట్టవలసిన అంకె అది. తమాషా ఏమిటంటే, మన పులివెందుల ప్రాంతంలో పాత రాతిపొరల మధ్యకు చొరబడి గట్టిపడిన శిలాద్రవం వయసు 188 కోట్ల ఏళ్లని తేల్చారు. 197, 188! సృష్టి కడప జిల్లాలోనే మొదలైందని రేపే ఒక పుస్తకం అచ్చు వేయించవచ్చు. పొంతనలు అంత చవక.

నీ వ్యాసంలో నాకు నచ్చింది నాలుగో పేజీ ఒక్కటే. మీ అవ్వ వడ్లు చెరుగుతూ, మొదట్లో అంతా నీళ్లేనమ్మా, మట్టి తర్వాత వచ్చింది అంటుందే, అది. ఆ నాలుగు వాక్యాలు రాసి వెంటనే డార్విన్ దగ్గరికి పరుగెత్తావు. ఎందుకంత తొందర?

ఒకసారి వేంపల్లె వైపు వెళ్లు. అక్కడి డోలమైట్ అనే, సున్నపురాయి లాంటి రాళ్లలో, పగిలిన పక్కన, సన్నని గీతలు వంపు తిరిగి పొర మీద పొరగా కనిపిస్తాయి. వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. లోతులేని సముద్రంలో కంటికి కనిపించని జీవులు జిగురుగా పరుచుకుని, నీటిలోని రేణువులను పట్టుకుని, కప్పుకుపోయినప్పుడల్లా వెలుగు కోసం పైకి పాకుతూ వదిలిన పొరలవి. నువ్వు పీలుస్తున్న ఆక్సిజన్ గాలిలో మొదట చేరింది అలాంటి జీవుల వల్లనే. వానచుక్క కోసం ముఖం వాచిపోయే ఈ నేల మీద ఒకప్పుడు సముద్రం ఉంది. అవ్వ చెప్పిన నీళ్లూ ఈ నీళ్లూ ఒకటే అని రాయడానికి నీ చెయ్యి ఉబలాటపడుతుంది. పడనివ్వకు. అవ్వకు ఆ సంగతి వాళ్ల అమ్మ చెప్పింది, నీకు రాయి చెప్పింది. ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టు, చాలు. చేతులు కలపమని బలవంతపెట్టకు.

అలా కూర్చోబెట్టడం మనకు కొత్త కాదు. ఆరో శతాబ్దంలో జ్యోతిష పండితుడు వరాహమిహిరుడు తన బృహత్సంహితలో చంద్రగ్రహణానికి కారణం భూమి నీడ అని స్పష్టంగా రాశాడు. అలాగని రాహువును తరిమేయలేదు. గ్రహణ వేళ ఇచ్చే దానంలో, హోమంలో భాగం అందుకునేలా బ్రహ్మ వరమిచ్చాడు అన్నాడు. లెక్కకు నీడ, స్నానానికి రాహువు. ఆ మాట నమ్మి అన్నాడా, పండితుల నోళ్లకు జడిసి అన్నాడా? నాకు రెండోదే అనిపిస్తుంది, రుజువేమీ లేదు. కథ రాసేవాడికి కావలసిన సందు అదే.

అహోబిలం నువ్వు చూసే ఉంటావు. ఆళ్లగడ్డ దాటి నల్లమలలోకి వెళ్లాక ఆ ఉగ్రస్తంభం చీలిక. క్వార్ట్‌జైట్, అంటే ఇసుకరాయి మారి గట్టిపడిన రాయి, ఆ కొండ తన పగుళ్ల వెంట విడిపోయిందని భూగర్భ శాస్త్రం చెబుతుంది. నిజమే. కానీ అంత ఎత్తు ఎక్కి చెమటోడ్చుకుంటూ వచ్చే తల్లి ఆ రాయి పుట్టుక తెలుసుకోవడానికి రాదు. సగం మనిషి ఏ దశకు చెందినవాడో అడగడానికీ రాదు. కన్నతండ్రే చంపబోతే ఆ పిల్లవాడి పక్షాన ఒక స్తంభం పగిలిందని విని వస్తుంది. ఆమె ఇంట్లో ఏం జరుగుతోందో అడగాలని నీకు తోచిందా?

సైన్సు పేరుతో నమ్మకాన్ని ఓడించాలనుకునే ఎదుటి పక్షానికీ ఇదే చెబుతాను. పట్నంలో చదువుకున్న కుర్రాడు వచ్చి పూజారి నోరు మూయించే కథలు మనకు బండెడు ఉన్నాయి. ఆ పూజారి కొడుకు జియాలజీ చదువుతూ, సెలవులకు వచ్చినప్పుడు గర్భగుడిలో హారతి ఇస్తాడు. వాడి గురించి ఎవరూ రాయలేదు.

దశావతారాల పేజీలు తీసేసి, నాలుగో పేజీ దగ్గర మళ్లీ మొదలుపెట్టు. అవ్వను వేంపల్లెకు వెంట తీసుకెళ్లు. ఆ గీతలు చూసి ఆమె ఏమంటుందో ఉన్నదున్నట్లు రాసుకో, దిద్దకు. ఉగాది లోపు వెళ్లండి, తర్వాత ఎండకు ఆమె తట్టుకోలేదు.

నీ శ్రేయోభిలాషి