నలభై దాటాక కోలాటం వస్తుందా? నాకు వచ్చింది

మీకు 42 ఏళ్లు, చిన్నప్పుడు ఆటా పాటా ఏదీ నేర్చుకోలేదు, మోకాలు కాస్త నొప్పి, తాళం అసలు పట్టదు, ఇప్పుడు కోలాటం మొదలుపెడితే వస్తుందా అని అడిగారు. వస్తుందండీ. నేను మొదలుపెట్టింది 44 ఏళ్లప్పుడు, తిరుపతిలోనే, ఉద్యోగం చేసుకుంటూ.

మొదట చేరిన చోట నాకు ఒక్క కోపు కూడా రాలేదు. కోపు అంటే ఒక ఆట వరస, ఎవరు ఎటు తిరగాలి, ఎన్ని దెబ్బలకు మారాలి అనే లెక్క. అక్కడ మొదటి రోజే కోలలు చేతికిచ్చి, స్పీకర్లో పాట పెట్టేసి ముందువాళ్లను చూసి చేయమన్నారు. నేను రెండు వారాలు కట్టెలనే చూస్తూ తిరిగాను, వేళ్ల కణుపులు వాచిపోయాయి, తాళం నాకు పుట్టుకతోనే లేదని గట్టిగా నమ్మేశాను కూడా.

తర్వాత దొరికిన గురువు గారు పుత్తూరు వైపు పెద్దాయన. ఆయన నెల రోజులు కోలలే ముట్టుకోనివ్వలేదు. చేత్తో చప్పట్లు, కాలితో అడుగు, నోటితో తకధిమి. అంతే. నాలుగు లెక్క పాదాల్లో కూర్చున్నాక తకిట, అంటే మూడు లెక్క. నిదానంగా ఒక కాలం, దానికి రెట్టింపు వేగంతో రెండో కాలం. విసుగు వస్తుంది, నిజమే, కానీ పెద్దవయసులో మొదలుపెట్టేవాళ్లకు ఇదే దారి అని నా నమ్మకం. పిల్లలు చూసి పట్టేస్తారు. మనం ప్రతి దెబ్బా ఆలోచించి వేస్తాం, ఆలోచించేలోపు దెబ్బ దాటిపోతుంది. అడుగు దానంతటది పడుతుంటే చేయి దాని వెనకే వస్తుంది.

మీరు ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. అన్నమయ్య కీర్తన ఏదైనా మీకు బాగా తెలిసినది పాడుకుంటూ వరండాలో అటూ ఇటూ నడవండి, ప్రతి నాలుగింటిలో మొదటి అడుగు కొంచెం గట్టిగా వేయండి. మోకాలు నొప్పి అంటున్నారు కాబట్టి సిమెంటు మిద్దె మీద ఎగరొద్దు. మట్టి నేల మంచిది. మడమతో దిగకుండా మునివేళ్ల మీద దిగి, మోకాలు కొద్దిగా వంచే ఉంచండి. నొప్పి ఎక్కువైతే డాక్టరుకు చూపించాకే మొదలుపెట్టండి.

కోలలు పట్టేటప్పుడు బిగించి పట్టుకోవద్దు. అందరూ చేసే తప్పు అదే, దాంతో భుజాలు పట్టేస్తాయి. కింది భాగంలో వదులుగా పట్టుకుని, కొసలు పైకి ఉండేలా వంచి, తగిలీ తగలగానే వెనక్కి తీసుకోండి, మోత అప్పుడే ఖంగుమని వస్తుంది. దెబ్బ పైభాగంలో పడాలి, కిందికి జారితే ఎదుటివాళ్ల వేళ్లు నలుగుతాయి. గోవిందరాజస్వామి గుడి దగ్గర అంగళ్లలో నేను కొన్న మొదటి జత రంగులు చూసి తెచ్చుకున్నది, పిడికిలికి లావు. పట్టి చూసి, ఒకదానికొకటి కొట్టి విని కొనండి.

ఇక ఉద్ది. మీకు ఎదురుగా నిలబడే జతను మా వైపు ఉద్ది అంటారు. లోపలి వరస ఒక వైపు, బయటి వరస ఇంకోవైపు తిరుగుతూ ఉంటే మీ ఉద్ది మారిపోతూనే ఉంటారు. ఒకసారి నేను తప్పి "అయ్యో" అని ఆగిపోయాను. నా వెనకావిడ నన్ను గుద్దుకుంది, ఆమె ఉద్దికి జత లేకుండా పోయింది, క్షణంలో పదహారు మంది వలయం చెదిరిపోయింది. గురువు గారు కోప్పడలేదు. "తప్పు పోయింది పాపా, దాని వెనక నువ్వెందుకు పోతావు, వచ్చే దెబ్బకు కలువు" అన్నారు. ఆ తర్వాత కట్టెలను చూడటం మానేసి మనిషి ముఖం చూడటం నేర్చుకున్నాను. నాకు కోలాటం వచ్చింది ఆ రోజు నుంచే.

రెండేళ్లకు తిరుచానూరులో కార్తీక బ్రహ్మోత్సవాలప్పుడు అమ్మవారి వాహనం ముందర ఆడాను. దాదాపు రెండు గంటలు, వట్టి కాళ్లతో, ఆగుతూ కదులుతూ. దానికి దమ్ము కావాలి, ఆ దమ్ము వారానికి రెండు రోజుల క్లాసుతో రాదు, రోజూ ఇరవై నిమిషాలు నడక, అడుగు ఉండాల్సిందే. క్లాసు ఎంచుకునేటప్పుడు ఒక్కటి గమనించండి: గురువు మధ్యలో నిలబడి నోటితో పాడి, తాళం వేసి నేర్పుతున్నారా, పాట పెట్టి వదిలేస్తున్నారా. మొదటి రకమైతే ఎంత దూరమైనా వెళ్లండి.

మీ ఆయన కూడా వస్తానంటున్నారు, మగవాళ్లు ఆడితే బాగుంటుందా అని కూడా రాశారు. ఎందుకు బాగుండదు? మా ఊళ్లో రామాలయం ముందు కోలాటమైనా చెక్కభజనైనా ఆడింది మగవాళ్లే, మా తాతతో సహా. తప్పకుండా తీసుకురండి. మొదటి మూడు నెలలు మాత్రం ఒకరికొకరు ఉద్దిగా నిలబడొద్దు, ఇద్దరూ కొత్తవాళ్లే అయితే ఒకరి తప్పు ఇంకొకరికి అలవాటైపోతుంది. ఆట బాగా వచ్చినవాళ్ల ఎదురుగా చెరొకరిని నిలబెట్టమని గురువునే అడగండి.