కిటికీ బయట ఉన్నదే పుస్తకంలోనూ ఉండాలి

బళ్లో టీచరు పిల్లల చేత సీజన్ల మీద, చెట్టూ పిట్టా మీద వాస్తవాలు చెప్పే నాన్‌ఫిక్షన్ పుస్తకాలు చదివించమంటారు. లైబ్రరీకి వెళ్తే వందలు కనిపిస్తాయి. వాటిలో ఏవి తేవాలి? ఇతర దేశాలకి కొత్తగా వచ్చిన తెలుగు తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్న ఇది. మీ ఊళ్లో, మీ కిటికీ బయట త్వరలో జరగబోయే సంగతి ఏదో చూసుకోండి. అది ఉన్న పుస్తకం మూడు నాలుగు వారాల ముందే ఇంటికి తెచ్చుకోండి. ముఖ్యమైన సలహా ఇదే.

ముందే అనడానికి కారణం ఉంది. అమెరికాలో అక్టోబరు వచ్చేసరికి ఆకుల రంగుల పుస్తకాలు షెల్ఫులో దొరకడం కష్టం. టీచర్లు తరగతి కోసం సంచుల కొద్దీ పట్టుకెళ్తారు. ఆగస్టు చివర్లో హోల్డ్ పెట్టండి, అంటే పుస్తకాన్ని మీ పేరున అట్టేపెట్టమనండి. మంచు పుస్తకాలకి నవంబరు మొదట్లో, మొగ్గలూ విత్తనాల పుస్తకాలకి ఫిబ్రవరిలో, పురుగుల పుస్తకాలకి ఏప్రిల్‌లో పెట్టుకోవాలి. ఆకు పచ్చగా ఉండగానే ‘ఇది ఎర్రబడుతుందట’ అని చదివిన పిల్ల రోజూ బడికి పోతూ ఆ చెట్టుకేసి చూస్తుంది. అంతా రాలాక చదివితే చూడ్డానికి మోడు తప్ప ఏమీ ఉండదు. ఇంటి అద్దె ఒప్పందమో కరెంటు బిల్లో చూపిస్తే సాధారణంగా లైబ్రరీ కార్డు ఉచితంగానే ఇస్తారు. మీ శాఖలో లేని పుస్తకాన్ని పక్క శాఖ నుంచి తెప్పిస్తారు. కాబట్టి మొదటి ఏడాది ఏవీ కొనకండి.

లైబ్రరీ గుమ్మం దగ్గర బల్ల మీద ‘ఫాల్’ అనో ‘వింటర్’ అనో పేర్చిన పుస్తకాల దగ్గరే ఆగిపోవద్దు. వాటిలో చాలా మట్టుకు హాలోవీన్, క్రిస్మస్ కథలు. పిల్లల నాన్‌ఫిక్షన్ అరల దగ్గరికి వెళ్లి పుస్తకం వెన్ను మీది నంబరు చూడండి. విషయాన్ని బట్టి పుస్తకాలకి నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతి పాటించే ఏ లైబ్రరీలోనైనా ఇవే నంబర్లు: ఋతువులు 508.2, ఋతువులు ఎందుకొస్తాయో చెప్పే ఖగోళం 525, వానా మంచూ 551.5, చెట్లు 582.16, సీతాకోకచిలుకలు 595.78, పక్షులు 598, జంతువుల చలికాలపు నిద్రా వలసలూ 591.56, పెరటి తోట 635. పండగలు 394.26 దగ్గర, వేరే అరలో ఉంటాయి.

ఒక్కోసారి నాన్‌ఫిక్షన్‌లా కనిపించేది కూడా మాట్లాడే ఎలుగుబంటి కథే అవుతుంది. అమెరికా ప్రచురణల్లో కాపీరైటు పేజీ తీసి చిన్న అక్షరాలు చదవండి. ‘జువెనైల్ లిటరేచర్’ అని ఉంటే వాస్తవాల పుస్తకం, ‘జువెనైల్ ఫిక్షన్’ అని ఉంటే కథ. బొమ్మల పుస్తకాల్లో ఈ పేజీ అప్పుడప్పుడు చిట్టచివర ఉంటుంది. ఏ దేశంలో, ఏ సంవత్సరంలో వేశారో కూడా అక్కడే తెలుస్తుంది.

ఇక పుస్తకం మంచిదా కాదా అన్నది. అక్కడే నిలబడి ఐదు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. మొత్తం చదవక్కర్లేదు, తప్పులు ఎక్కువగా జరిగే పేజీలు తిప్పితే చాలు.

ఋతువుల పుస్తకమైతే భూమి సూర్యుడి చుట్టూ తిరిగే బొమ్మ వెతకండి. ఆ దారిని కోడిగుడ్డులా బాగా సాగదీసి గీస్తే, పక్కన రాసింది ఎంత సరిగ్గా ఉన్నా పిల్లలకి ఒకటే అర్థమవుతుంది: సూర్యుడి దగ్గరికి వెళ్తే ఎండాకాలం, దూరమైతే చలికాలం. అసలు సంగతి దీనికి తలకిందులు. జనవరి మొదటి వారంలో భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా ఉంటుంది, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. జూలై మొదటి వారంలో అన్నిటికంటే దూరంగా, సుమారు 15.2 కోట్ల కిలోమీటర్లు. షికాగోలో ముక్కు గడ్డకట్టే రోజుల్లోనే మనం సూర్యుడికి 50 లక్షల కిలోమీటర్లు దగ్గరగా ఉంటామన్నమాట. ఋతువులకి కారణం భూమి ఇరుసు 23.5 డిగ్రీలు వాలి ఉండటం. గెయిల్ గిబ్బన్స్ రాసిన ‘ది రీజన్స్ ఫర్ సీజన్స్’ ఈ వాలునే ఆధారం చేసుకుని నాలుగు ఋతువులూ చెబుతుంది. ఆరేళ్ల పిల్లలకి అదొక మంచి మొదలు.

ఆ పేజీ చదివిన రోజే నారింజపండుకి పెన్సిల్ గుచ్చి చూపించండి. గది మధ్యలో తొడుగు తీసిన లాంపు పెట్టి, మిగతా దీపాలు ఆర్పేయండి. పెన్సిల్ పై కొన గదిలో ఒకే గోడ వైపు వాలి ఉండేలా పట్టుకుని లాంపు చుట్టూ నడవాలి. చాలామంది ఇక్కడే పొరపడతారు: నడుస్తూ నడుస్తూ తెలియకుండానే పెన్సిల్‌ని లాంపు వైపు తిప్పేస్తారు. అలా తిప్పితే పండు పైభాగానికి ఏడాది పొడుగునా ఎండాకాలమే అవుతుంది, పిల్లలకి గందరగోళం మిగులుతుంది. ఆ గోడకి ఒక కాగితం అంటించి, కొన ఎప్పుడూ దానివైపే ఉందా అని చూడమనండి. తప్పు పట్టుకునే పని ఇస్తే వాళ్లు కన్ను తిప్పరు.

ఆకుల పుస్తకంలో చూడాల్సింది ఎరుపు రంగు గురించి ఏం రాశారన్నది. పసుపు ఆకులో మొదటినుంచీ ఉంటుంది. పచ్చదనాన్నిచ్చే క్లోరోఫిల్ విరిగిపోయాక అది బయటపడుతుంది. చాలా ఎరుపులు అలా కాదు. ఆంథోసయనిన్ అనే ఆ రంగు పదార్థాన్ని ఆకు అప్పటికప్పుడు తయారుచేసుకుంటుంది. అందుకే పగలు మంచి ఎండ కాసి, రాత్రి గడ్డకట్టనంత చలి ఉన్న ఏడు మేపుల్ చెట్లు ఎక్కువ ఎర్రగా ఉంటాయి. ఈ రెండింటికీ తేడా చెప్పిన పుస్తకం శ్రద్ధగా రాసింది అనుకోవచ్చు. చలి వచ్చి ఆకులకి రంగు వేస్తుందని సరిపెట్టినదాన్ని అక్కడే పెట్టేయండి.

సీతాకోకచిలుక పుస్తకంలో ‘కకూన్’ అన్న మాట ఎక్కడ వాడారో చూడండి. పట్టుపురుగు దారంతో అల్లేది కకూన్, మన పట్టుకాయ. మోనార్క్ అనే సీతాకోకచిలుక గొంగళిపురుగు అలాంటి గూడు అల్లదు. తలకిందులుగా వేలాడి ఆఖరి కుబుసం విడిస్తే లోపలి తొడుగే గట్టిపడుతుంది, దాన్ని క్రిసలిస్ అంటారు. మంచు పుస్తకంలో ఎనిమిది కొనల రేకు గీసి ఉంటే నమ్మొద్దు. నీటి అణువులు మంచుగా కుదురుకునే తీరు వల్ల రేకుకి సాధారణంగా ఆరు కొనలే వస్తాయి.

మంచు విషయంలో రెండు పుస్తకాలు పేరు పెట్టి చెప్పాలి. కేట్ మెస్నర్ రాసిన ‘ఓవర్ అండ్ అండర్ ది స్నో’ (2011) స్కీల మీద వెళ్తున్న బిడ్డని పైన, మంచు కింద దాగిన జీవాల్ని కింద చూపిస్తుంది. చలికాలంలో బయట ఏ ప్రాణీ ఉండదనుకునే పిల్లలకి కళ్లు తెరిపిస్తుంది. రెండోది ‘స్నోఫ్లేక్ బెంట్లీ’, దాని బొమ్మలకి 1999లో కాల్డికాట్ మెడల్ (అమెరికాలో పిల్లల బొమ్మల పుస్తకాలకిచ్చే బహుమతి) వచ్చింది. వెర్మాంట్ రైతు విల్సన్ బెంట్లీ 1885లో సూక్ష్మదర్శినికి కెమెరా తగిలించి మంచు రేకుని ఫోటో తీసిన వైనం. పేజీ మధ్యలో కథ, అంచున సన్నటి పట్టీలో వాస్తవాలు ఉంటాయి. ఐదేళ్ల పిల్లకి మధ్యలోది, తొమ్మిదేళ్ల అన్నకి అంచులోది చదివించవచ్చు.

మీరున్న చోటుకి సరిపోయే పుస్తకం అని ముందే చెప్పింది ఇందుకు: బ్రిటన్‌లో వేసిన పుస్తకంలో హెడ్జ్‌హాగ్ అనే చిన్న ముళ్ల జంతువు తిరుగుతూ ఉంటుంది, అమెరికా పెరట్లో ఆ జీవి కనబడదు. అక్కడి రాబిన్ చిన్న పిట్ట, ఇక్కడి రాబిన్ అంతకంటే బాగా పెద్దది, రెండూ వేర్వేరు జాతులు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో వసంతం సెప్టెంబరులో మొదలవుతుంది కాబట్టి ఉత్తరార్ధగోళం పుస్తకంలో నెలల పేర్లు ఉంటే పిల్లలు తికమకపడతారు. ఫ్లోరిడాలో, సింగపూర్‌లో ఉండేవాళ్లు నాలుగు ఋతువుల పుస్తకంతో కుస్తీ పట్టే బదులు వానా ఉరుముల పుస్తకంతో మొదలుపెట్టాలి, గల్ఫ్‌లో ఉంటే ఎడారి జీవులతో. టెక్సస్ వాళ్లకి అక్టోబరులో మెక్సికో కొండలకి పోతున్న మోనార్క్‌లు ఆకాశంలోనే కనిపిస్తాయి. అక్కడ మేపుల్ ఆకుల పుస్తకం ఎందుకు?

ఈ పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి, మీరు పక్కన కూర్చుని తెలుగులో చెబుతారు. అక్కడ రెండు మూడు చిక్కులున్నాయి. మొదటిది ‘మంచు’. స్నో, ఐస్, ఫ్రాస్ట్, డ్యూ, ఫాగ్ ఐదింటికీ మనం మంచు అనేస్తాం. పిల్లలకి అవన్నీ ఒకటే అనిపిస్తుంది. విడదీసి చెప్పండి: గాల్లో తేలేది పొగమంచు, గడ్డి మీది బొట్లు మంచుబిందువులు, ఆకాశం నుంచి రేకులుగా రాలేది మంచు, నీళ్లు గడ్డకట్టినది మంచుగడ్డ. కారు అద్దం మీద తెల్లగా పేరుకునే ఫ్రాస్ట్‌కి ఇంట్లో వాడే మాట లేదు కాబట్టి ‘గాలిలో తేమే పేరుకుని గడ్డకట్టింది’ అని విడమరిచి చెబితే సరిపోతుంది.

రెండోది ‘ఫాల్’. నిఘంటువు చూస్తే శరదృతువు అంటుంది. కానీ మన దగ్గర ఆకులు రాలేది శిశిరంలో, ఆ వెంటనే వసంతంలో చిగుళ్లు. మన టేకూ మోదుగా ఆకు రాల్చేది నీళ్లు పొదుపు చేసుకోవడానికి, మేపుల్ రాల్చేది పగలు కురచై చలి ముంచుకొస్తున్నందుకు. చెట్టు చేసే పని ఒకటే, కారణాలు వేరు. ఇది పిల్లలతో మాట్లాడదగ్గ విషయం. ‘ఆకురాలే కాలం’ అంటే సరిపోతుంది, ఋతువు పేరు అంటగట్టక్కర్లేదు.

కాస్త పెద్ద పిల్లలు ఇంకోటి అడుగుతారు: పుస్తకం సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21 అంటోంది, మీరు సంక్రాంతికి ఉత్తరాయణం అంటున్నారు, ఏది నిజం? ఆకాశంలో మళ్లేది డిసెంబరులోనే. సంక్రాంతి నక్షత్రాల లెక్కన మకరరాశి ప్రవేశం. ఇరుసు బొంగరంలా మెల్లగా ఊగుతూ సుమారు 72 ఏళ్లకి ఒక డిగ్రీ జరగడం వల్ల ఒకప్పుడు కలిసి ఉన్న రెండూ ఇప్పుడు మూడు వారాలకి పైగా విడిపోయాయి. నారింజా పెన్సిలూ మళ్లీ బయటికి తీయండి.

వయసు లెక్కలకి మరీ కట్టుబడొద్దు. ‘లెట్స్ రీడ్ అండ్ ఫైండ్ అవుట్’ సైన్స్ వరసలో మొదటి మెట్టు బడికి ముందు పిల్లలకి, రెండోది ఆ పై తరగతులకి. ఆకులకీ చలికాలపు జంతువులకీ ఆ వరసలో విడివిడి పుస్తకాలున్నాయి. చదవడానికి పుస్తకం ఎంత కష్టమో చెప్పే లెక్సైల్ నంబరు ముందు ‘ఏడీ’ అని ఉంటే పెద్దవాళ్లు చదివి వినిపించడానికి అనువైనదని అర్థం, ‘ఐజీ’ అంటే అక్కడక్కడ తెరిచి చూసుకునే బొమ్మల గైడు. పేజీకి ఐదు తెలియని మాటలుంటే పుస్తకం కష్టమనే బడి సూత్రం ఇక్కడ అంతగా పనికిరాదు, ఎందుకంటే ఆ ఐదూ పిట్టల పేర్లే కావచ్చు. పిట్టల్ని గుర్తుపట్టడానికి ఫోటోల కంటే చేత్తో గీసిన బొమ్మలు మేలు. ఫోటోలో నీడపడి పోయే రెక్క చార బొమ్మలో స్పష్టంగా ఉంటుంది. మీ ప్రాంతానికి మాత్రమే వేసిన, వంద పిట్టలు దాటని గైడు తీసుకోండి.

పుస్తకం చెప్పినట్టు బయట చేసి చూసేటప్పుడు ఎక్కడ పాడవుతుందో తెలిసి ఉండాలి. మంచు రేకుల్ని నల్లకాగితం మీద పట్టమంటారు, కాగితం ఇంటి వేడితో ఉంటే రేకు తాకగానే కరుగుతుంది. కాగితాన్నీ భూతద్దాన్నీ అరగంట ముందే బయట పెట్టండి, చూసేటప్పుడు ఊపిరి పక్కకి వదలమనండి. ఫోర్సిథియా అనే పూలపొద రెమ్మని నీళ్లలో పెడితే ఇంట్లోనే పూస్తుందని రాస్తారు. ఫిబ్రవరిలో కోస్తే రెండు మూడు వారాల్లో పసుపు పూలు వస్తాయి. నవంబరులో కోస్తే రావు, మొగ్గకి కొన్ని వారాల చలి పడందే అది విచ్చుకోదు. అపార్టుమెంటు ఆవరణలోదైతే అడిగి కోయండి. ఈకలు ఏరి పుస్తకంలో అంటించమనే పేజీలు దాటేయండి. అమెరికాలో 1918 నాటి వలసపక్షుల చట్టం ప్రకారం ఇక్కడి అడవి పిట్టలు చాలావాటి ఈకని ఇంట్లో ఉంచుకోవడం కూడా నేరం, రాలినదైనా సరే. నేషనల్ పార్కుల్లోంచి ఆకూ రాయీ కూడా తేకూడదు. ఆకులు ఏరేటప్పుడు ఒకే కాడకి మూడు ఆకులున్న తీగ కనిపిస్తే చెయ్యి పెట్టనివ్వొద్దు, పాయిజన్ ఐవీ కావచ్చు, దద్దుర్లొస్తాయి.

పక్షుల పుస్తకానికి జనవరి మొదట్లోనే హోల్డ్ పెట్టండి. ఏటా ఫిబ్రవరి నడుమ నాలుగు రోజులు ‘గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్’ జరుగుతుంది. ఒకే చోట 15 నిమిషాలు నిలబడి కనిపించిన పిట్టల్ని లెక్కపెట్టి పంపితే చాలు, బాల్కనీలోంచైనా సరే. బ్రిటన్‌లో ఇలాంటి లెక్కే జనవరి చివర్లో ఒక గంట పాటు ఉంటుంది. అమెరికా తూర్పు వైపు ఉంటే ఆ నెలంతా కార్డినల్, చికడీ, బ్లూ జే అనే మూడింటి పేజీలే చదివించండి. కూత విని పేరు చెప్పే మెర్లిన్ ఆప్‌ ఉచితం, కానీ ముందు పిల్ల పుస్తకం చూసి ఏదో ఒక పేరు చెప్పాలి, ఆ తర్వాతే ఫోన్ తీయండి.