నోటిమాటతో చేసే వివక్షకు కాగితం మీద జవాబివ్వండి

ప్రశ్న: నేను ట్రాన్స్ మహిళను, అంటే పుట్టినప్పుడు మగబిడ్డగా నమోదైనా నేను స్త్రీని. ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్ విభాగంలో ఐదేళ్లుగా పనిచేస్తున్నాను. నా గుర్తింపు గురించి పోయినేడాది ఆఫీసులో చెప్పాను. అంతకుముందు క్లయింట్ల దగ్గరికి నన్నే పంపేవారు, ఇప్పుడు లోపల గదిలో కూర్చోబెట్టి పాత బిల్లులు ఎక్కించమంటున్నారు. ఐడీ కార్డు మీద ఇంకా పాత పేరే ఉంది, మార్చమంటే లింగమార్పిడి ఆపరేషన్ కాగితాలు తెమ్మన్నారు. వాష్‌రూమ్‌కి మూడంతస్తులు దిగి వెళ్లమంటున్నారు. ఈసారి మా టీమ్‌లో ఇంక్రిమెంట్ రానిది నాకొక్కదానికే. అడిగితే మేనేజర్ ‘క్లయింట్లు ఇబ్బంది పడతారు కదా’ అంటారు. హెచ్‌ఆర్‌లో ‘ఉద్యోగం తీసెయ్యలేదు, అందుకు సంతోషించండి’ అన్నారు. రిజైన్ చేసేద్దామనిపిస్తోంది. ఏం చెయ్యమంటారు?
- పేరు రాయని పాఠకురాలు

జవాబు: రిజైన్ లెటర్ మాత్రం ఇప్పుడు రాయకండి. మీ ఉత్తరం మళ్లీ ఒకసారి మీరే చదవండి, అందులో చెప్పినవాటిలో ఒక్కటైనా వాళ్లు రాసిచ్చారా? క్లయింట్ల దగ్గరికి వెళ్లొద్దన్నది నోటిమాటే, వాష్‌రూమ్ సంగతీ నోటిమాటే, ఆపరేషన్ కాగితాలు తెమ్మన్నదీ అంతే. రేపు ఎవరైనా గట్టిగా అడిగితే ‘మేమెప్పుడన్నాం’ అని తప్పించుకోవచ్చు. ఈ పరిస్థితిలో మీరు రాజీనామా ఇస్తే ఈ మొత్తం వ్యవహారంలో మిగిలే ఒకే ఒక్క కాగితం ‘నా ఇష్టంతోనే మానేస్తున్నాను’ అని మీ సంతకంతో ఉన్నదే అవుతుంది.

అందుకని ఇవాళే మెయిల్ రాయండి. కోపం, ఆవేదన అన్నీ అందులో పెట్టక్కర్లేదు, తేదీలూ జరిగినవీ చాలు. ‘ఫలానా తేదీ నుంచి నన్ను క్లయింట్ల పని నుంచి తప్పించారు, కారణం రాతపూర్వకంగా తెలియజేయగలరు’ అని ఒక వాక్యం. ఇంక్రిమెంట్ గురించి ఇంకో వాక్యం, వాష్‌రూమ్ గురించి ఇంకోటి. పాత అప్రైజల్ రేటింగులు, పే స్లిప్పులు, మీ పని మెచ్చుకుంటూ వచ్చిన మెయిల్స్ కాపీ తీసి ఆఫీసు బయట దాచుకోండి. క్లయింట్ల లెక్కలు, కంపెనీ ఫైళ్లు మాత్రం ముట్టుకోవద్దు, దాన్నే సాకుగా చూపించి తీసేసే ప్రమాదం ఉంది.

ఆ మెయిల్ ఎవరికి పంపాలంటే, 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం సెక్షన్ 11 ప్రకారం ప్రతి సంస్థా ఒక ఫిర్యాదుల అధికారిని పెట్టాలి. మీది ప్రైవేటు కంపెనీ అయినా సరే. ఆ చట్టం కింద వచ్చిన 2020 నిబంధనలు ఆ అధికారికి విచారణ కోసం 15 రోజులు గడువు పెట్టాయి, నివేదిక అందాక చర్య తీసుకోవడానికి సంస్థ అధిపతికి మరో 15 రోజులు. మీ కంపెనీలో అలాంటివాళ్లు ఎవరూ లేకపోతే ‘ఫిర్యాదుల అధికారి ఎవరో తెలపండి’ అన్నదే మీ మొదటి మెయిల్. సమాన అవకాశాల విధానం అని ఒకటి రాసి, అందరికీ కనిపించేలా పెట్టాలని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది, అందులో టాయిలెట్ల ఏర్పాటు గురించీ ఉండాలి. దాని కాపీ కూడా అడగండి.

‘క్లయింట్లు ఇబ్బంది పడతారు’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే నాకు వచ్చే ఉత్తరాల్లో ఇది మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఏ క్లయింటు? ఎప్పుడన్నారు? మీ లెక్కల్లో తప్పు దొరికిందా? ఎవరూ ఏమీ అనకుండానే, అంటారేమోనని ముందే ఊహించుకుని, ఐదేళ్ల అనుభవం ఉన్న మనిషిని బిల్లులు ఎక్కించే పనికి దించడం ఎంత అన్యాయం! ఒకవేళ నిజంగా ఒక క్లయింటు అన్నా కూడా, నియామకం, ప్రమోషన్, ఉద్యోగానికి సంబంధించిన ఇతర విషయాల్లో వివక్ష చూపకూడదని సెక్షన్ 9 చెబుతోంది, క్లయింటుకి నచ్చకపోతే చూపవచ్చని అందులో ఎక్కడా లేదు.

ఆపరేషన్ కాగితాల సంగతి. ఒక మనిషి జెండర్‌ను గుర్తించడానికి ఆపరేషన్ కావాలని పట్టుబట్టడం అనైతికం, చట్టవిరుద్ధం అని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న ఇచ్చిన నల్సా (జాతీయ న్యాయసేవాధికార సంస్థ) కేసు తీర్పులోనే అంది. మీ వైద్యం వివరాలు హెచ్‌ఆర్‌కి చెప్పే పని లేదు. పీఎఫ్, పన్ను, బ్యాంకు రికార్డుల్లో పేరు మారాలంటే ముందు ఆధార్, పాన్ మారాలి, అది నిజమే. కానీ మెడలో వేసుకునే కార్డు, మెయిల్‌లో కనిపించే పేరు, మిమ్మల్ని పిలిచే పేరు మార్చడానికి వీటిలో ఏదీ అక్కర్లేదు.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. సెక్షన్ 9ని మీరిన కంపెనీకి ఇంత శిక్ష అని 2019 చట్టంలో రాయలేదు. అది పెద్ద లోటు, నాకు చాలా బాధ కలిగించే లోటు. సెక్షన్ 18లో మాటలతో, మానసికంగా, ఆర్థికంగా వేధించినవారికి ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు, జరిమానా ఉన్నాయి గానీ అది పోలీసు కేసు దారి. అయినా ఆశ వదులుకోవద్దు. రెండు ప్రైవేటు స్కూళ్లలో ఉద్యోగం పోగొట్టుకున్న ట్రాన్స్ టీచర్ జేన్ కౌశిక్ కేసులో 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆమెకు పరిహారం ఇప్పించింది, సమాన అవకాశాల విధానం తయారు చెయ్యడానికి ఒక కమిటీని కూడా వేసింది. మీ మెయిల్‌కి నెలలోగా జవాబు రాకపోతే ఆ కాపీలతో, ఉచిత న్యాయసహాయం చేసే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. 2014 కేసు సుప్రీంకోర్టులో వేసింది జాతీయ న్యాయసేవాధికార సంస్థే.

వేరే ఉద్యోగం వెతుక్కోవడం తప్పేం కాదు. వెతుకుతూనే ఈ మెయిల్ పంపండి.

ప్రశ్న: మా టీమ్‌లోకి ఒక ట్రాన్స్ యువకుడు వస్తున్నారని హెచ్‌ఆర్ నాకు చెప్పింది. అందరికీ ముందే చెప్పి సిద్ధం చెయ్యనా?
- ఒక టీమ్ లీడర్

జవాబు: వద్దండీ. చెప్పాలో వద్దో ఆయన ఇష్టం. ఉద్యోగి జెండర్ వివరాలు గోప్యంగా ఉంచాలని 2020 నిబంధనల్లోనే ఉంది, నిజానికి మీకు చెప్పేముందు హెచ్‌ఆర్ ఆయన్ని అడిగిందో లేదో కనుక్కోండి. ఏ పేరుతో పిలవాలో మొదటిరోజు ఆయన్నే ఒకసారి అడిగి, అలాగే పిలవండి. ఎవరైనా వెకిలి జోకు వేస్తే మీరు అక్కడికక్కడే ఆపాలి, తర్వాత పక్కకి పిలిచి చెబుదామనుకుంటే ఆయనకు అది కనిపించదు.

ఇంకొకటి, ఆఫీసు గుమ్మం దాటాక ఏమవుతోందో కూడా గమనించండి. 2017లో కొచ్చి మెట్రో 23 మంది ట్రాన్స్‌జెండర్లకు ఉద్యోగాలిస్తే దేశమంతా మెచ్చుకుంది, కానీ అద్దె ఇల్లు దొరక్క కొందరు కొద్దిరోజులకే మానేశారు. కొత్తగా చేరేవారికి కంపెనీ వసతి ఇస్తుంటే ఆయనకూ అది అందేలా చూడండి.