రోజూ బయటి టిఫిన్, ఆదివారం బ్రంచ్... షుగర్ వచ్చేస్తుందా?

ప్రశ్న: నా వయసు 38. హైదరాబాద్ కొండాపూర్‌లో ఉంటాం. నేను, నా భార్య ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం కావడంతో పొద్దున్నే ఇంట్లో టిఫిన్ కుదరదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆఫీసు దగ్గరి టిఫిన్ సెంటర్‌లో పూరీ, మసాలా దోశ, మైసూర్ బజ్జీల్లో ఏదో ఒకటి తిని రెండు టీలు తాగుతాను. ఆదివారం అందరం కలిసి జూబ్లీహిల్స్ వైపు ఏదైనా కేఫ్‌కి బ్రంచ్‌కి వెళ్తాం. ఈమధ్య హెల్త్ చెకప్‌లో ఫాస్టింగ్ షుగర్ 108, హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష) 6.1, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) 238 వచ్చాయి. నడుము 38 అంగుళాలు. బ్రంచ్‌లు మానేయమని ఫ్రెండ్స్ అంటున్నారు. పాన్‌కేకుల బదులు అవకాడో టోస్ట్, గ్రనోలా తింటే సరిపోతుందా? మా అమ్మకు 64 ఏళ్లు. షుగర్‌కి గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర రోజూ ఎనిమిదింటికి వేసుకుంటుంది. బ్రంచ్ ఉందని ఆదివారం ఇంట్లో ఏమీ తినదు. పోయిన నెల కేఫ్‌లో ఆర్డర్ వచ్చేలోపు ఆమెకు చెమటలు పట్టి చేతులు వణికాయి. జ్యూస్ తాగాక తేరుకుంది. ఎండ వల్లేమో అనుకున్నాం.

సలహా: మీరు చివర్లో చెప్పిన అమ్మగారి విషయంతోనే మొదలుపెడతాను. మీ రిపోర్టులను సరిచేసుకోవడానికి కొన్ని నెలల టైముంది. ఆమె విషయంలో వచ్చే ఆదివారం దాకా కూడా ఆగకూడదు. చెమటలు, వణుకు, జ్యూస్ తాగిన కాసేపటికే తేరుకోవడం... ఇవి ఎండ దెబ్బ కంటే షుగర్ పడిపోయిన లక్షణాలకే దగ్గరగా ఉన్నాయి. గ్లిమెపిరైడ్ క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మనిషి తిన్నా తినకపోయినా దాని పని అది చేసుకుపోతుంది. ఎనిమిదింటికి మాత్ర వేసుకుని, పదకొండు దాటాక ఇంట్లోంచి బయల్దేరి, ఆదివారం రద్దీలో టేబుల్ కోసం ఎదురుచూసి, ఆర్డరిచ్చిన ప్లేటు ముందుకొచ్చేసరికి నాలుగు గంటలు గడిచిపోతాయి. ఆ నాలుగు గంటలూ కడుపు ఖాళీ. షుగర్ 70 కంటే దిగిపోవడానికి ఇంతకంటే ఏం కావాలి? మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లలో ఇలా జరగడం చాలా అరుదు. కానీ ఆమె మాత్రలో రెండూ ఉన్నాయి.

అందుకని ఇకపై బ్రంచ్ ఉన్నా లేకపోయినా మాత్ర వేసుకున్న వెంటనే ఆమె ఇంట్లో టిఫిన్ తినాలి. రెండు ఇడ్లీలైనా, కాస్త ఉప్మా అయినా సరే. కేఫ్‌లో మీతోపాటు కొంచెం తింటే చాలు. ఆదివారం మాత్రను బ్రంచ్ టైముకు జరపొచ్చా అన్నది ఆమెను చూసే డాక్టర్ చెప్పాలి. మీరే జరపొద్దు, మానిపించొద్దు. ఆ డాక్టర్‌కి కేఫ్‌లో జరిగినదంతా చెప్పండి, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించండి. కిడ్నీల పనితీరు తగ్గినవాళ్లలో ఈ మందు ఒంట్లో ఎక్కువసేపు నిలిచి షుగర్‌ను పదేపదే దించుతుంది. అవసరమైతే మందే మారుస్తారు.

మళ్లీ అలా అనిపిస్తే వీలున్నచోట గ్లూకోమీటర్‌తో చూడండి. మీటర్ లేకపోతే ఆలోచిస్తూ కూర్చోకుండా మూడు చెంచాల చక్కెర గానీ గ్లూకోజ్ పొడి గానీ నీళ్లలో కలిపి తాగించండి. పావుగంట తర్వాత తగ్గకపోతే మళ్లీ అంతే ఇవ్వండి. తేరుకున్నాక తిండి పెట్టాలి. చాక్లెట్‌లో కొవ్వు ఉండడం వల్ల చక్కెర రక్తంలోకి మెల్లగా చేరుతుంది, కాబట్టి ఆ సమయంలో అది పనికిరాదు. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. ఆమె హ్యాండ్‌బ్యాగులో గ్లూకోజ్ ప్యాకెట్ ఒకటి ఎప్పుడూ ఉండాలి.

ఇక మీ సంగతి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్ అంటాం, 6.5 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే డయాబెటిస్. ఫాస్టింగ్ షుగర్ 100 నుంచి 125 మధ్య ఉన్నా ప్రీడయాబెటిసే. ట్రైగ్లిజరైడ్లు 150 లోపు ఉండాలి. మన దేశపు మగవాళ్లకు నడుము కొలత 90 సెంటీమీటర్లు, అంటే సుమారు 35 అంగుళాలు దాటకూడదు. మీ అంకెలన్నీ ఒకే దిక్కు చూపిస్తున్నాయి. పైగా అమ్మగారికి షుగర్ ఉంది కాబట్టి మీకు వచ్చే అవకాశం మామూలు కంటే ఎక్కువ. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశవ్యాప్తంగా చేసి 2023లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం మన దేశంలో ప్రీడయాబెటిస్ ఉన్నవాళ్లు 13 కోట్లకు పైనే. ఈ దశలోనే విషయం తెలియడం మీకు మేలు చేసింది, ఎందుకంటే ఇక్కడి నుంచి వెనక్కి రావచ్చు. చెన్నైలో జరిగిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాలు 2006లో వచ్చాయి. కేవలం తిండి, నడక మార్చుకున్నవాళ్లలో ప్రీడయాబెటిస్ నుంచి డయాబెటిస్‌కు వెళ్లే ముప్పు దాదాపు 28 శాతం తగ్గింది.

మీ ఫ్రెండ్స్ ఆదివారాన్ని తప్పు పడుతున్నారు. నాకు మాత్రం మీ మిగతా ఐదు రోజులే ఎక్కువ కలవరం కలిగిస్తున్నాయి. వారానికోసారి కుటుంబమంతా కూర్చుని తినే భోజనం వల్ల ఈ అంకెలు రావు. మీరు రాసిన మూడు టిఫిన్లనూ చూడండి. పూరీ నూనెలో వేగింది, పక్కన ఆలుగడ్డ కూర. మైసూర్ బజ్జీ అంటే మైదా, నూనె. మసాలా దోశలో బియ్యం పిండి మధ్యలో మళ్లీ ఆలుగడ్డే. మూడింటిలోనూ ప్రొటీన్ చాలా తక్కువ, పీచు అంతకంటే తక్కువ. దానిమీద రెండు టీలు. హైదరాబాద్ హోటళ్లలో చాలాచోట్ల టీలో చక్కెర ముందే కలిపేస్తారు. కప్పుకి రెండు చెంచాలు వేసుకున్నా రెండు కప్పులకు 16 నుంచి 20 గ్రాములు. రోజంతటికీ చక్కెర 25 గ్రాములు మించకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మీ కోటాలో చాలావరకు పొద్దున తొమ్మిదిన్నరకే అయిపోతోంది.

ట్రైగ్లిజరైడ్లు పెరిగాయనగానే చాలామంది నెయ్యి మానేసి, టీలో చక్కెర మాత్రం అలాగే ఉంచుకుంటారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇది ఎంత ఎక్కువో చూసి నాకు బాధేస్తుంది. రక్తంలో ట్రైగ్లిజరైడ్లను బాగా పెంచేవి చక్కెర, మైదా, తెల్ల బియ్యం, మద్యం. వాడుకోగా మిగిలిన పిండి పదార్థాన్ని కాలేయం కొవ్వుగా మార్చి రక్తంలోకి పంపుతుంది. అందుకే ముందు టీ సంగతి తేల్చండి. చక్కెర లేకుండా విడిగా పెట్టించుకోండి. పెట్టకపోతే విడిగా కలిపిచ్చే ఫిల్టర్ కాఫీని చక్కెర లేకుండా అడగండి. మొదటి రెండు వారాలు చప్పగా ఉంటుంది, తర్వాత నాలుక అలవాటు పడుతుంది.

టిఫిన్ సెంటర్ మానేయాల్సిన అవసరం లేదు. అక్కడ మంచి తిండే ఉంది, దాన్ని ఎంచుకోవాలి. నా మొదటి ఓటు పెసరట్టుకి. పొట్టుతో ఉన్న పెసలు నానబెట్టి రుబ్బింది కాబట్టి ప్రొటీన్, పీచు రెండూ వస్తాయి. ఉప్మా లేకుండా, నూనె తగ్గించి వేయమనండి. ఇడ్లీ అయితే మూడు చాలు. గిన్నెడు సాంబారు పోయించుకుని అందులో పప్పు, ముక్కలు కూడా తినండి. గుడ్లు తినేవాళ్లయితే ఇంట్లో రెండు ఉడకబెట్టుకుని డబ్బాలో తీసుకెళ్లండి. కుక్కర్ ఆన్ చేసి స్నానానికి వెళ్లొస్తే అయిపోయే పని. రెండు గుడ్లతో 12 గ్రాముల ప్రొటీన్ వస్తుంది, పదకొండింటికి మళ్లీ బిస్కెట్ల కోసం చెయ్యి వెళ్లదు. పల్లీ చట్నీ మంచిదే, రెండోసారి వేయించుకోకండి. నెయ్యి కారం ఇడ్లీ, పూరీ, బజ్జీ వారంలో ఒక రోజుకి ఉంచుకోండి. తిన్నాక లిఫ్ట్ దగ్గరికి వెళ్లకుండా ఆఫీసు చుట్టూ పది, పదిహేను నిమిషాలు నడవండి. తిన్న వెంటనే నడిస్తే కండరాలు రక్తంలోని గ్లూకోజ్‌ను వాడుకుంటాయి, టిఫిన్ తర్వాత షుగర్ అంతగా ఎగబాకదు.

ఏ బండి దగ్గర తినాలో కూడా చూసుకోండి. ఇడ్లీ ఆవిరి మీద ఉడుకుతుంది కాబట్టి వేడిగా ఉన్నంతవరకు భయం లేదు. కడుపు పాడయ్యేది ఎక్కువగా చట్నీ వల్లే. పొద్దున ఆరింటికి రుబ్బిన కొబ్బరి చట్నీ ఎండాకాలంలో పదింటిదాకా బయటే ఉంటే తినకండి. నూనె నల్లబడి, చిక్కబడి, పొగలు కక్కుతుంటే ఆ రోజు వేపుడు వద్దు. వడల నూనె పీల్చడానికి న్యూస్‌పేపర్ వాడితే ఆ సిరా తిండికి అంటుతుంది. దేశంలో ఆహార భద్రతను చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దాన్ని నిషేధించింది కూడా.

ఇప్పుడు కేఫ్. పాన్‌కేకుల మీద పోసే సిరప్ రెండు టేబుల్ స్పూన్లలోనే సుమారు 25 గ్రాముల చక్కెర ఉంటుంది, కింద ఉన్నది ఎలాగూ మైదానే. అవకాడోలో మంచి కొవ్వులున్నాయి, కాదనను. కానీ దాని కింద ఏ బ్రెడ్ ఉందో అడగండి. సోర్‌డో అన్న పేరున్నా చాలాచోట్ల మైదాతో చేసిందే, కొన్ని బ్రౌన్ బ్రెడ్‌లకు ఆ రంగు కారమెల్ వల్ల వస్తుంది. ఒక్క ముక్క, పైన గుడ్డు ఉంటే బాగుంటుంది. గ్రనోలా విషయంలో చాలామంది మోసపోతున్నారు. ఓట్స్‌ను తేనె గానీ చక్కెర గానీ, నూనె కలిపి కాల్చినదే అది. పైన మళ్లీ తేనె పోసి తెస్తారు. మీలాంటి అంకెలున్నవాళ్లకు అది పాన్‌కేక్ కంటే గొప్పదేమీ కాదు. కూరగాయలు వేసిన ఆమ్లెట్, పుట్టగొడుగులు, పనీర్, సలాడ్... వీటిలోంచి ముందు ఆర్డర్ చేసి, సగం కడుపు నిండాక బ్రెడ్ ముట్టుకోండి. ప్రొటీన్, కూరగాయలు ముందు తిని పిండి పదార్థం తర్వాత తింటే షుగర్ తక్కువగా పెరుగుతుంది. పాన్‌కేక్ పిల్లలకో, మీకో నిజంగా ఇష్టమైతే ఒకటి తెప్పించి అందరూ పంచుకోండి.

కేఫ్‌లో అసలు చిక్కు తాగేవాటితోనే. ఐస్‌క్రీమ్ వేసిన కోల్డ్ కాఫీ, పెద్ద గ్లాసు జ్యూస్, ఫ్లేవర్డ్ లాటే తిండిలా అనిపించవు, అందుకే లెక్కలోకి రావు. పది గానీ అంతకంటే ఎక్కువ గానీ శాఖలున్న హోటళ్లు, కేఫ్‌లు మెనూలో క్యాలరీలు చూపించాలని 2022 నుంచి నిబంధన ఉంది. ఆ అంకెల్లో ముందు డ్రింక్స్ కాలమ్ చదవండి. బ్లాక్ కాఫీ, చక్కెర లేని కాపచినో, మంచినీళ్లు చాలు.

సగం ఉడికిన గుడ్డు సొనతో చేసే హాలండైజ్ సాస్, పచ్చి గుడ్డు మయోనైజ్ అమ్మగారికి పెట్టకండి. పచ్చి గుడ్ల మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర్లో ఏడాదిపాటు నిషేధించాల్సి వచ్చింది. వయసు మీరినవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు పచ్చి గుడ్లలో ఉండే సాల్మొనెల్లా బ్యాక్టీరియా సోకితే తట్టుకోవడం కష్టం. గుడ్డు పూర్తిగా ఉడికించమని చెప్పండి.

పొద్దున్న తినకుండా ఒకేసారి బ్రంచ్ చేయడం మీకు ప్రమాదమేమీ కాదు, మీరు షుగర్ మందులు వాడటం లేదు కాబట్టి. కానీ రెండు పూటల తిండి కలిపి తిన్నాక సాయంత్రం స్నాక్స్, రాత్రి బిర్యానీ మామూలుగానే సాగితే లాభం లేదు. ఆ రాత్రి ఎనిమిది లోపు తేలిగ్గా పప్పు, కూర, ఒక పుల్కా తిని ముగించండి.

వారానికి 150 నిమిషాల నడక, ప్రస్తుత బరువులో 5 నుంచి 7 శాతం తగ్గడం లక్ష్యంగా పెట్టుకోండి. ట్రైగ్లిజరైడ్ల పరీక్ష మరోసారి పది, పన్నెండు గంటలు ఏమీ తినకుండా చేయించండి. అంతకుముందు రెండు మూడు రోజులు మద్యం ముట్టకండి. కాలేయం పరిస్థితి చెప్పే ఎస్‌జీపీటీ పరీక్ష కూడా చేయించుకోండి, ఈ అంకెలున్నవాళ్లలో ఫ్యాటీ లివర్ తరచుగా కనిపిస్తుంది. హెచ్‌బీఏ1సీ మూడు నెలల తర్వాతే చేయించాలి. ఎర్ర రక్తకణాల ఆయుష్షు సుమారు 120 రోజులు కాబట్టి అంతకంటే ముందు చేయిస్తే మార్పు సరిగా తెలియదు. అప్పటికీ 6.1 దగ్గరే ఉన్నా, పెరిగినా ఫిజీషియన్‌ను కలవండి. మందు అవసరమా అన్నది వాళ్లు చూస్తారు. ఈలోపు విపరీతమైన దాహం, రాత్రిళ్లు పదేపదే మూత్రం, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే మూడు నెలలు ఆగకుండా వెంటనే పరీక్ష చేయించుకోండి.