టెక్ సందేహాలు: వికీపీడియాలో మూలం ఎలా ఇవ్వాలి?

ప్రశ్న: తెలుగు వికీపీడియాలో కలమళ్ళ శాసనం (తొలి తెలుగు శాసనాల్లో ఒకటి) గురించి నాలుగు వాక్యాలు చేర్చాను. కాలం క్రీ.శ. 575 అని రాశాను. మర్నాటికి రెండు వాక్యాలు తీసేసి, మిగిలిన వాటి పక్కన ‘ఆధారం చూపాలి’ అని పెట్టారు. మా జేజి కాలం నుంచి ఊళ్లో అందరికీ తెలిసిన సంగతులే అవి. ఏం చేయాలి?
- ఎర్రగుంట్ల పాఠకుడు, కడప జిల్లా

మీ వాక్యాలు ఎక్కడికీ పోలేదు. పేజీ పైనున్న ‘చరిత్ర’ నొక్కితే పాత కూర్పు దొరుకుతుంది. కాపీ చేసుకుని, మూలంతో మళ్లీ చేర్చండి. తీసేసిన వారితో పోటీపడి వెనక్కి తిప్పుతూ కూర్చోవద్దు, చర్చ పేజీలో ఒక మాట రాయండి. మీరు చెప్పింది అబద్ధమని వాళ్లు అనడం లేదు. కలమళ్ళ ఎక్కడుందో కూడా తెలియని పాఠకుడు ఆ సంగతిని ఎక్కడ సరిచూసుకోవాలని అడుగుతున్నారు.

575నే తీసుకోండి. ఆ రాతిమీద సంవత్సరం లేదు. రేనాటి చోళ రాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు రేనాడును (ఇప్పటి కడప ప్రాంతాన్ని) ఏలిన నాటిదని మాత్రమే తెలుస్తుంది. 575 అన్నది లిపి తీరును బట్టి పరిశోధకులు వేసిన అంచనా. కాబట్టి శాసనం ఫొటో ఎంత స్పష్టంగా ఉన్నా ఆ అంకెకు మూలం కాదు. రాయి చదివి మీరే కాలం తేల్చితే అది సొంత పరిశోధన, వికీపీడియాలో చెల్లదు. రేనాటి చోళుల తొలి శాసనాలను నీలకంఠశాస్త్రి, ఎం. వెంకటరామయ్య శాసనాలను అచ్చువేసే ఎపిగ్రాఫియా ఇండికా పత్రిక 27వ సంపుటంలో పరిష్కరించి ప్రచురించారు. అలాంటి చోట ఏ కాలం ఇచ్చారో అదే రాయండి. మరో పుస్తకం వేరే కాలం చెబితే రెండూ రాసి, ఏది ఎవరి అంచనానో చెప్పండి.

ఇక పద్ధతి. విజువల్ ఎడిటర్‌లో (కోడ్ లేకుండా పేజీ కనిపించినట్టే మార్చే పద్ధతిలో) వాక్యం చివర, చుక్క తర్వాత కర్సర్ పెట్టి కంట్రోల్, షిఫ్ట్, కె మూడూ కలిపి నొక్కండి. మూలం పెట్టె తెరుచుకుంటుంది. అందులో మూడు ట్యాబులు ఉంటాయి. మొదటిదానిలో వెబ్ చిరునామా గానీ ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు సంఖ్య) గానీ ఇస్తే వివరాలు అదే తెస్తుంది. పాత తెలుగు పుస్తకాలకు ఐఎస్‌బీఎన్ ఉండదు కనుక రెండో ట్యాబులో ‘పుస్తకం’ ఎంచుకుని రచయిత, పేరు, ప్రచురణకర్త, సంవత్సరం, పుట చేత్తో నింపాలి. అదే పుస్తకాన్ని రెండోసారి చూపాలంటే మళ్లీ నింపకుండా మూడో ట్యాబు వాడండి. ఒకే పేరుతో రెండు వేర్వేరు మూలాలు పెడితే పేజీ అడుగున ఎర్ర అక్షరాల్లో తప్పు చూపిస్తుంది. తేదీని 04-05-2022 అని రాయొద్దు. ఏప్రిలో మేనో తేలదు. 2022-05-04 అంటే గొడవ లేదు.

ఎక్కువమంది తప్పేది పుట సంఖ్య దగ్గరే. ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటులో స్కాన్ పుస్తకం తెరిస్తే కింద 58 అని కనిపిస్తుంది, పుట మీద అచ్చులో 41 ఉంటుంది. అట్ట, ముందుమాట, విషయసూచిక కలిసి ఆ తేడా వస్తుంది. అచ్చులో ఉన్న అంకే ఇవ్వాలి. ఆ స్కాన్లకు తగిలించిన పేర్లు, సంవత్సరాలు చాలాచోట్ల తప్పులు. లోపలి ముఖపత్రం చూసి నింపండి.

1875 నాటి గ్రిబుల్ కడప మాన్యువల్, 1905 నాటి ఫ్రాన్సిస్ అనంతపురం గెజిటీర్ ఆనాటి పాలనకు, పన్నులకు, కరువులకు మంచి మూలాలు. ఇవాళ్టి జనాభాకు కాదు, దానికి 2011 జనగణన పుస్తకం చూడాలి. ఊరి గురించిన బ్లాగు దొరికితే సంతోషపడే ముందు దానిలోని వాక్యాలను వికీపీడియా పాత కూర్పుతో పోల్చండి. వికీ నుంచి ఎత్తిన బ్లాగునే వికీకి మూలంగా చూపితే, ఎవరో ఒకరు చేసిన పొరపాటు రెండుచోట్ల నిలబడి నిజంలా కనిపిస్తుంది. జేజి చెప్పిన కథ అచ్చయిన స్థలపురాణంలో ఉంటే ‘స్థానిక కథనం ప్రకారం’ అంటూ చేర్చవచ్చు. అచ్చులో లేకపోతే దయచేసి రికార్డు చేసి దాచండి, అది పోకూడదు. వ్యాసంలో మాత్రం పెట్టలేం.

ప్రశ్న: దినపత్రిక జిల్లా పేజీ లింకు ఇచ్చాను. ఆర్నెల్లకే తెరుచుకోవడం లేదు.
- అనంతపురం పాఠకురాలు

లింకు చచ్చినా పత్రిక ఉంటుంది. పత్రిక పేరు, ఎడిషన్, తేదీ, పుట, శీర్షిక ఇస్తే లింకు లేకున్నా మూలం చెల్లుతుంది. ఇకమీదట లింకు పెట్టిన రోజే వెబ్ పేజీల నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్ సైటులో ఆ చిరునామాను భద్రపరచండి. వచ్చిన కొత్త చిరునామాను, భద్రపరచిన తేదీని మూలంలో రెండు గళ్లలోనూ నింపాలి. తేదీ వదిలేస్తే తప్పు చూపిస్తుంది.

ప్రశ్న: బెలుం గుహలకు కర్నూలు జిల్లా అని ఉంటే నంద్యాల అని మార్చాను. మూలంతో సరిపోలదని అన్నారు.
- నంద్యాల పాఠకుడు

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడింది. అక్కడున్న మూలం అంతకుముందుది. జిల్లా పేరు మార్చి పాత మూలాన్నే ఉంచితే, అది చెప్పని మాటను దానికి అంటగట్టినట్టవుతుంది. 3,229 మీటర్ల పొడవుకు పాత మూలం ఆ అంకె పక్కనే ఉంచి, జిల్లా పేరు పక్కన కొత్త మూలం పెట్టండి. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఆ గుహలను గుర్తించిన వాక్యంలో మాత్రం నంద్యాల అనకండి, ‘అప్పటి కర్నూలు జిల్లా’ అని ఉంచండి.