క్రోషే పువ్వుల కొసల గురించి అమ్మాయికి

చి. సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

జాకెట్టు చేతులకు కుట్టడానికి నువ్వు క్రోషే సూదితో, అంటే మొనన కొక్కెం ఉన్న సూదితో, అల్లిన చిన్న పువ్వుల ఫోటోలు చూశాను. రేకులు చక్కగా వచ్చాయి, కుట్లన్నీ ఒకే బిగువులో ఉన్నాయి. అయితే రెండు ఉతుకులకే మధ్యభాగం వదులైపోయి దారపు కొసలు బయటికి వచ్చాయని వ్రాశావు కాబట్టి, అల్లడం గురించి తక్కువగా, ముగించడం గురించి ఎక్కువగా చెబుతాను. పెద్ద బల్లగుడ్డలో కొస ఎక్కడో ఒకచోట దాగిపోతుంది. రూపాయి బిళ్ళంత పువ్వులో దానికి దాగే చోటే ఉండదు కనుక, ఆ చోటును అల్లిక మొదలుపెట్టేటప్పుడే మనం కల్పించాలి.

దారం విషయంలో ఎక్కువగా ఆలోచించనక్కరలేదు. 20వ నంబరు మెర్సరైజ్డ్ (మెరుపు వచ్చేలా శుద్ధిచేసిన) నూలు దారం, 1.25 మిల్లీమీటర్ల స్టీలు సూది నీ పనికి సరిపోతాయి. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది కాబట్టి 40వ నంబరు జోలికి చేయి బాగా కుదిరాకే వెళ్ళు. ఎరుపు, మెరూన్ వంటి ముదురు రంగులైతే ముందుగా దారాన్ని తడిపి తెల్లగుడ్డ మీద ఒత్తి చూడు. మరక పడితే ఆ దారాన్ని లేతరంగు జాకెట్టు మీదికి రానివ్వకు. ఇంటర్నెట్‌లో దొరికే నమూనాలను అనుసరించేటప్పుడు అవి బ్రిటిష్ పద్ధతివో, అమెరికన్ పద్ధతివో చూసుకో. అమెరికన్లు సింగిల్ క్రోషే అనే కుట్టునే బ్రిటిష్‌వారు డబుల్ క్రోషే అంటారు; ఈ తేడా గమనించకపోతే పువ్వు ఆకారమే మారిపోతుంది.

ఇక మొదలు. ఈ రోజుల్లో అందరూ మ్యాజిక్ రింగ్‌తోనే, అంటే కొస లాగితే బిగుసుకునే దారపు ఉంగరంతోనే, మొదలుపెడుతున్నారు. మధ్యలో రంధ్రం కనిపించకుండా బిగుసుకుంటుంది కాబట్టి చూడడానికి బాగుంటుంది గానీ, మెర్సరైజ్డ్ దారం నున్నగా జారే గుణం కలది. రెండు మూడు ఉతుకుల్లో ఆ ఉంగరం తనంతట తానే వదులైపోతుంది. నీ పువ్వులకు జరిగింది ఇదేనని నా నమ్మకం. ఉతికే బట్ట మీద కుట్టే పువ్వుకు ఐదారు గొలుసు కుట్లు వేసి, వాటిని స్లిప్ స్టిచ్‌తో (ఎత్తు పెరగకుండా కలిపే కుట్టుతో) కలిపి వలయం చేసుకోవడమే నాకు ఇష్టం. మొదటి కొసను పది పన్నెండు సెంటీమీటర్లు వదిలి, దాన్ని ఆ వలయం వెంబడి ఆనించి, మొదటి వరుస కుట్లన్నీ దాని మీదుగా అల్లేయి. మధ్యలో మిగిలే సన్నని రంధ్రం మీద ఒక పూస కుట్టుకోవచ్చు. మ్యాజిక్ రింగే కావాలనుకుంటే, బిగించిన తర్వాత దాని కొసను కుట్టు సూదితో అదే వలయం చుట్టూ మరోసారి తిప్పి, ఆ తర్వాత ఎదురు దిశలో కొంత దూరం నడిపించు. ఆ రెండో చుట్టు లేకుండా దాన్ని నమ్మడానికి వీల్లేదు.

చివరి కుట్టు దగ్గరే పనితనం తెలిసిపోతుంది. చాలామంది మొదటి కుట్టులోకి స్లిప్ స్టిచ్ వేసి, దారాన్ని ముడివేసి కత్తిరిస్తారు. అక్కడొక బొడిపె మిగిలి, పువ్వు అంచు ఆ ఒక్కచోట మందంగా కనిపిస్తుంది. నువ్వు దారాన్ని 15 సెంటీమీటర్లు వదిలి కత్తిరించి, క్రోషే సూదిని పైకి లాగుతూ కొసను ఉచ్చులోంచి పూర్తిగా బయటికి తీసేయి. ఆ కొసను మొద్దు మొన ఉన్న కుట్టు సూదికి ఎక్కించి, వరుసలోని మొదటి కుట్టును వదిలేసి, రెండో కుట్టు తలలోని (పైన గొలుసు కన్నులా కనిపించే) రెండు పోగుల కిందుగా ముందు నుంచి వెనక్కి తీసి, తిరిగి చివరి కుట్టు తల మధ్యలోకి, అంటే దారం బయలుదేరిన చోటికే, పైనుంచి దించి వెనక వైపుకు లాగు. అప్పుడు అంచు మీద ఒక కొత్త కన్ను ఏర్పడి మొదటి కుట్టు మీద కూర్చుంటుంది, కుట్ల లెక్క కూడా మారదు. అది మిగతా కన్నులంత పరిమాణానికి వచ్చేవరకే లాగి ఆపు. అంతకన్నా బిగిస్తే కింది కుట్టు నలిగిపోతుంది. ఆ తర్వాత పువ్వును వెనక్కి తిప్పి, కుట్ల పాదాల గుండా రెండు మూడు సెంటీమీటర్లు ఒక దిశలో నడిపించి, ఒక పోగును దాటి ఎదురు దిశలో వెనక్కి రా; వీలైతే మరోసారి మొదటి దిశలో నడిపించు. సూది పోగులను చీల్చుకుంటూ వెళ్ళాలి, ఎందుకంటే రాపిడి ఉంటేనే నున్నని దారం పట్టుకుంటుంది. ముడి మాత్రం వద్దు; బట్టకు రాసుకునే కొద్దీ ముడి ముందు వైపుకు పొడుచుకు వస్తుంది. కత్తిరించే ముందు పువ్వును నాలుగు వైపులా మెల్లగా సాగదీసి, కొస లోపలికి సర్దుకున్నాకే కత్తెర పెట్టు.

మన నరసాపురం ప్రాంతంలో పువ్వులు అల్లేవారు వేరు, వాటిని కలిపి అతుకుపని చేసేవారు వేరు. అతుకుపని చేసే ఆడవాళ్ళు ఒక్కో పువ్వును ముందు వెనక్కి తిప్పి చూస్తారు, ఆ తర్వాత పక్కదాని మీద పెట్టి కొలత చూస్తారు. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) లభించడం వెనక ఉన్నది ఈ ఓపికేనని నేను గర్వంగా చెబుతాను. నువ్వు కూడా రెండు చేతులకూ కావలసిన పువ్వులన్నీ ఒకే ఉండ నుంచి, ఒకే సూదితో అల్లి, పక్కపక్కన పేర్చి చూడు. కొలత కుదరని పువ్వును మరో పనికి దాచుకో గానీ, లాగి సర్దవచ్చునని కుట్టేయకు. రేకులు దొప్పలా లోపలికి ముడుచుకుంటే కుట్లు తక్కువైనట్టు, అంచు అలలు తిరిగితే ఎక్కువైనట్టు గుర్తు.

ఉబ్బెత్తుగా ఉండే పువ్వు కావాలని అడిగావు. ఐర్లాండులో 1840ల నాటి కరువులో ఎన్నో కుటుంబాలకు కూడు పెట్టిన క్రోషే లేసులో దీనికి మంచి ఉపాయం ఉంది. రేకు అంచు వెంబడి కొంచెం లావైన దారాన్ని పట్టుకుని, దాన్ని కప్పేస్తూ సింగిల్ క్రోషే వేసుకుంటూ పోతారు. అంచు నిలబడుతుంది, రేకుల దగ్గర మిగిలిన కొసలను కూడా ఆ లావు దారంతో కలిపి కప్పేయవచ్చు.

అల్లిన పువ్వులను గోరువెచ్చని సబ్బునీళ్ళలో ఉతికి, తువ్వాలులో చుట్టి నీటిని ఒత్తేసి, గుడ్డ పరిచిన థర్మోకోల్ పలక మీద తుప్పు పట్టని గుండుసూదులతో రేకు రేకునూ సర్ది గుచ్చి, నీడన ఆరనివ్వు. బిరుసుగా ఉండాలంటే వడగట్టిన పలుచని సగ్గుబియ్యం గంజిలో ముంచి గుచ్చు. ఇస్త్రీ చేయవలసివస్తే మందపాటి తువ్వాలు మీద పువ్వును బోర్లా పెట్టి, పైన తడిగుడ్డ పరిచి, పెట్టెను అదిమిపెట్టకుండా పైపైన ఆనించాలి.

జాకెట్టు గుడ్డ నూలుదైతే కుట్టించే ముందే తడిపి ఆరేయి. గుడ్డ తర్వాత కుంచించుకుపోతే పువ్వు చుట్టూ ముడతలు పడతాయి. పువ్వును దాని అల్లిక కొసతో కాకుండా, అదే రంగు సన్నని కుట్టు దారంతో, ఒంటి పోగుతో, రేకుల మొదళ్ళ దగ్గర మాత్రమే కుట్టి, చివరలను స్వేచ్ఛగా వదులు. పట్టుగుడ్డ అయితే పువ్వు కింద చిన్న నూలుగుడ్డ ముక్కను లోపలి వైపు ఆనించి కుట్టు, లేకపోతే పువ్వు బరువుకు పట్టు పోగులు జరుగుతాయి.

మిగిలిన పువ్వులను దాచే ముందు గంజి పూర్తిగా పోయేలా ఉతుకు, ఎందుకంటే గంజి వాసనకు బొద్దింకలు, బట్టలు కొరికే వెండిపురుగులు (సిల్వర్‌ఫిష్) చేరతాయి. స్టీలు సూదులను వాటితో కలిపి పెట్టకు; మన కోస్తా తేమకు సూదికి తుప్పు పట్టి తెల్లదారానికి అంటిందంటే ఆ మరక వదలదు.

ఇట్లు,
మీ పెద్దమ్మ