అక్టోబరు కత్తిరింపు తర్వాత వానలు, ద్రాక్షకు బూజు తెగులు

అన్నా, కత్తిరించిన మూడు వారాలకే వానలు పట్టుకున్నాయని, ఆకు పైన నూనె మరకల్లాంటి పసుపు మచ్చలు, అడుగున తెల్ల బూజు వచ్చి పూత గుత్తులు ఎండిపోతున్నాయని రాశారు. అది బూజు తెగులే, బూడిద తెగులు కాదు. గంధకం కొడితే తగ్గదు.

ముందు తోటలోకి గాలి ఆడనివ్వండి. గుత్తి లేని బలహీన కొమ్మలు, గుత్తిని కప్పేసిన కొన్ని ఆకులు తీసి, తోట బయట గోతిలో పూడ్చేయండి. ఆకు తడి ఎంత త్వరగా ఆరితే అంత మంచిది. యూరియా వెంటనే ఆపండి, లేత చిగురుకే తెగులు త్వరగా పడుతుంది. పూత మీద బోర్డో మిశ్రమం (మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్, సున్నం కలిపిన మందు) కొట్టకండి, మాడిపోతుంది. ఈ దశకు ఏ మందు సరిపోతుందో ఉద్యాన అధికారికి ఆకు చూపించి అడగండి.

వచ్చే ఏడాది మాత్రం తోటంతా ఒకేసారి కత్తిరించకండి. వానలు ఇప్పుడు మనం అనుకున్న తేదీకి ఆగడం లేదు కదా. రెండు మూడు భాగాలుగా, 10-15 రోజుల తేడాతో చేస్తే ఒక్క వానకే మొత్తం పోదు. కత్తిరించగానే ఒక శాతం బోర్డో మిశ్రమం కొట్టండి: 100 లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం. అందులో ఇనుప కత్తి ముంచి చూడండి, రాగి రంగు పడితే సున్నం ఇంకొంచెం కలపాలి. నాసిక్ వైపు కొందరు వాన పడకుండా తోట పైన ప్లాస్టిక్ కప్పు వేస్తున్నారు కానీ ఖర్చు బాగా ఎక్కువ. నా మాటైతే, అప్పు చేసి దాని జోలికి వెళ్లకండి.